తిండి వేరు, ఊట వేరు

హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే బస్సుల్లో బాగేపల్లి అంటే ప్రయాణికులు నిద్ర లేచి తల దువ్వుకునే చోటు. అక్కడ దిగి ఊరు చూసినవాళ్ళు తక్కువ. నేను దిగాను. మూడు రోజుల పని అనుకుని వెళ్ళి పదిహేడు రోజులు ఉండి వచ్చాను. వెళ్ళేటప్పుడు నా చేతిలో ఒక స్టీలు క్యాను, దాని నిండా చలిమిడి.

మా చెల్లెలి కూతురు భారతిని నిరుడు బాగేపల్లి ఇచ్చాం. తొలి కాన్పు, ఏడో నెల. కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటివాళ్ళు చలిమిడి పట్టుకెళ్ళి ఒడిలో పెట్టాలి. చెల్లెలు బాత్‌రూములో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పెద్దమ్మను కాబట్టి ఆ పని నామీద పడింది.

నేను ప్రొద్దుటూరులో రవికలు కుడతాను. బడి ఏడో తరగతితో ఆగింది గానీ చదువు ఆగలేదు. మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పి మా ఊరి గ్రంథాలయానికి పోతాను. వైద్యం, చరిత్ర, పరదేశాల సంగతులు, ఏ బీరువానూ వదల్లేదు. కన్నడ అక్షరాలు కూడా అక్కడే నేర్చుకున్నాను. మన అక్షరాల తలకట్టు కాస్త మారిస్తే కన్నడమేనని, మన మాటల తోక కాస్త మారిస్తే కన్నడ మాటలేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఈ ప్రయాణానికి ముందు సంగతి చెబుతున్నాను.

కొడికొండ చెక్‌పోస్టు

కదిరి నుంచి గోరంట్ల మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దాకా వచ్చాను. అంతవరకూ బస్సులో నాకు టికెట్టు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అక్కడ కర్ణాటక బస్సెక్కి అదే కార్డు చూపించాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆంధ్రాది కదమ్మా, దుడ్డు ఇయ్యి" అన్నాడు.

"మీ రాష్ట్రంలో కూడా ఆడవాళ్ళకు ఉచితమేనని పేపర్లో చదివానే?"

"ఆడోళ్ళకే అమ్మా. మా ఆడోళ్ళకి."

పక్క సీటులో ఉన్నామె టికెట్టు లేకుండా కూర్చుని నా క్యాను వైపు చూసి నవ్వింది. చెక్‌పోస్టుకు ఇవతల నేను ఆడదాన్ని. అవతల ఆంధ్రాదాన్ని. ఈ తేడా అప్పుడు నాకు వేడుకగానే తోచింది, డబ్బులిచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను.

బాగేపల్లి

తలుపు తీసిన పిల్లను మొదట భారతి అనుకోలేదు. బుగ్గలు లోపలికి పోయి, మెడ దగ్గర ఎముకలు తేలి, ఆ మనిషికి ఎవరో కడుపు తెచ్చి తగిలించినట్టు ఉంది.

"ఏమే, ఇట్లయిపోయినావు?"

"సుగర్ పెద్దమ్మా. కడుపుతో ఉన్నప్పుడు వస్తాదంట. తిండి మానేయమన్నారు."

"మానేయమన్నారా, తగ్గించమన్నారా?"

"'తిండి తిన్నోదు నిల్లిసమ్మా' అనింది నర్సమ్మ. నిలిపేసినా. నలభై దినాలయింది."

నాకు తెలిసిన కన్నడంలో కూడా 'నిల్లిసు' అంటే నిలుపు అనే. తిండి అంటే తిండి. అందులో అర్థం కానిది ఏముంది?

భారతి పొద్దున ఒక గ్లాసు మజ్జిగ తాగుతుంది. మధ్యాహ్నం ఒక జామకాయ. చీకటి పడ్డాక కళ్ళు తిరిగితే అరగ్లాసు అంబలి, అది కూడా దొంగతనం చేసినదానిలా తలుపు చాటున నిలబడి. వాళ్ళాయన మంజునాథ టమాటా వ్యాను నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు దారిమీదే ఉంటాడు. అత్త రత్నమ్మ పొద్దున్నే టమాటా కోతకు పోయి సాయంత్రం వస్తుంది. మంచి మనిషి. నన్ను చూడగానే కంటతడి పెట్టుకుంది.

"నేనేం జేతును వదినా! అన్నం వద్దన్నారు, సంగటి వద్దన్నారు అని పిల్లే వచ్చి చెప్పె. ముద్ద పెట్టబోతే చెయ్యి అడ్డం పెడతాది. బిడ్డకి మంచిది గాదంట. డాక్టర్లు చెప్పినాక మనమేమి చెప్పేది?"

భారతి తన కార్డు తెచ్చి చూపింది. దాన్ని అక్కడ తాయి కార్డు అంటారు, తాయి అంటే తల్లి. నెలనెలా బరువు, రక్తం, బిడ్డ ఎదుగుదల అన్నీ రాశారు. బరువు దిగుతూ వచ్చింది. బిడ్డ ఉండాల్సినంత పెరగలేదు. చివర చేతిరాతతో ఒక వాక్యం ఉంది. భారతికి కన్నడ చదవడం రాదు. నేను కూడబలుక్కుని చదివాను: హేళిద మాతు కేళువుదిల్ల. చెప్పిన మాట వినదు.

చదవగలిగినందుకు ముందు గర్వపడ్డాను. అర్థం తర్వాత తట్టింది.

"ఏం మాట వినలేదే నువ్వు?"

"నాకేం తెలుసు పెద్దమ్మా! పోయిన ప్రతిసారీ ఇదే. సుగర్ దిగినాది అంటారు, బరువు దిగినాదని తిడతారు. 'మీ ఆంధ్రావాళ్ళు కుప్పలు కుప్పలు అన్నం తింటారు, మాట వినరు' అంటాది నర్సమ్మ. తినేది ఇంకా తగ్గించాలేమోనని మజ్జిగ గూడా నీళ్ళు చేసుకుంటాండా." కాసేపాగి చెప్పింది. "రేపు పోవాల. ఈసారి కూడా బిడ్డ పెరగకుంటే బెంగళూరికి రాసిస్తారంట. నెలలు నిండకుండానే తీసేయాల్సి వస్తాదేమో అన్నారు."

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి దాచకుండా చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే చక్కెర జబ్బు గురించి నేను చదివి ఉన్నాను. ఇంగ్లండు ఆస్పత్రుల్లో గర్భిణి పూర్వీకులు ఏ దేశం వాళ్ళో అడిగి ఒక ఫారంలో గడిలో టిక్కు కొట్టుకుంటారట. మన దేశం వైపు నుంచి పోయినవాళ్ళయితే ఆ ఒక్క కారణంతోనే పరీక్ష చేయమంటారట, మనవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువని. ఇదంతా ఆ పిల్లకు విడమరిచి చెప్పి, "మన జాతికే ఉన్న ముప్పు తల్లీ. పథ్యం కష్టమైనా ఓర్చుకో. డాక్టర్లు చెప్పిన మాట విను" అన్నాను.

అన్నాక భోజనానికి కూర్చున్నాను. అనపకాయల కాలం. గింజలు నానబెట్టి తొక్క పితికి చేసిన పితికిపప్పు పులుసు, పక్కన వేడి రాగిముద్ద. మా ఊరి సంగటిలో బియ్యపు నూక కలుపుతాం. అక్కడి ముద్దలో ఒట్టి రాగిపిండే, నమలకుండా మింగాలి. రత్నమ్మ మారు వడ్డించింది. నేను కాదనలేదు. భారతి గోడకు ఆనుకుని నా చెయ్యి కంచంలోంచి నోటికి పోయి రావడం చూస్తూ కూర్చుంది.

చిక్కబళ్ళాపురం

మరునాడు మంచులో బస్సెక్కాం. కొండలు కనబడతాయని మంజునాథ ఫోనులో చెప్పాడు. ముందు సీటు తప్ప ఏమీ కనబడలేదు. ఊరి పేరు చెప్పాను, ఆస్పత్రి పేరు చెప్పను.

వరసలో మా ముందు శాంతీబాయి అనే ఆమె ఉంది. బాగేపల్లి వైపు ఒక తాండా నుంచి వచ్చింది. ఆరో నెల, మూడో కాన్పు. పోయిన బిడ్డ నాలుగున్నర కిలోలు పుట్టి చాలా కష్టపెట్టిందని చెప్పింది. అంత పెద్ద బిడ్డ పుట్టడం చక్కెర జబ్బుకు గుర్తు కావచ్చని నా పుస్తకంలో ఉంది.

"నీకు చక్కెర పరీక్ష చేశారా?" అని అడిగాను.

"నాకేం సుగరమ్మా? రాళ్ళు మోసేదాన్ని. 'కూలి చేసేవాళ్ళకి యాడొస్తాది, అది కూసోని తినేవాళ్ళ రోగం' అన్నారు."

అంటే ఆ గదిలో ఆంధ్రా పిల్లకు తిని తిని వచ్చింది, తాండా మనిషికి తినకపోవడం వల్ల రాదు. ఇద్దరినీ రక్తం చూడకముందే చూసేశారు.

నర్సు పేరు సరోజమ్మ. హాసన్ వైపు మనిషి, తెలుగు కొంచెం వచ్చు. భారతి బరువు చూసి తల పట్టుకుంది. "మత్తె దిగినాది! ఏనమ్మా నీ కత?" అని, పరగడుపు రక్తం తీయించి, ఈసారి తిన్నాక కూడా రక్తం చూడాలని డాక్టరమ్మ చెప్పిందంటూ ఒక మాట అంది.

"హోగి తిండి తిందు బన్ని. తిని రెండు గంటలయినాక రండి."

వెళ్ళి తిండి తిని రమ్మంటోంది. భారతి నా కొంగు పట్టుకుంది. "పెద్దమ్మా, మానేయమన్న తిండి తినిరమ్మంటాండాది. నేను తింటానో లేదో పరీక్ష పెడతాండాదా?"

రోడ్డు దాటి హోటల్లో కూర్చున్నాం. తువ్వాలు భుజాన వేసుకున్న నడివయసు మనిషి నీళ్ళు తెచ్చి పెట్టాడు. పిల్లకు గుప్పెడు అన్నం పెట్టిద్దామని, "భోజనం ఉందా అప్పా?" అన్నాను.

"ఊట ఇంకా కాలేదమ్మా. పన్నెండుకి. ఇప్పుడు తిండే."

మా ఊళ్ళో ఊట అంటే చెలమలో ఊరే నీళ్ళు. ఇక్కడ భోజనమని నాకు తెలుసు, పుస్తకంలో ఉంది. రెండో మాటే మింగుడు పడలేదు.

"ఊట కూడా తిండే కదప్పా?"

అతను నన్ను జాలిగా చూశాడు. "ఊట ఊటే, తిండి తిండే. ఇడ్లీ, వడ, దోసె, బజ్జి, బోండా, ఇది తిండి. అన్నం, ముద్ద, సారు, అది ఊట. తిండి వేరే, ఊట వేరే."

భారతి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. "అన్నా, ఎవరైనా తిండి నిలిపేయమంటే?"

"బజ్జీ బోండా తినొద్దని అమ్మా."

"అప్పుడు ఊట?"

"తిండి నిలిపేస్తే ఊట ఇంకా బాగా పడతాది!"

భారతి నవ్వడం మొదలుపెట్టింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూసేంత నవ్వు. దానిలోనే ఏడుపు ఎప్పుడు కలిసిందో తెలియదు. ఆ మనిషి కంగారుపడి, "ఏమన్నా తప్పు మాట్లాడినానా?" అని నన్నడిగాడు. రెండు ప్లేట్లు ఇడ్లీ తెమ్మన్నాను. ఇడ్లీ మా ఊరికంటే చిన్నది, ధర పది రూపాయలు పెద్దది, చట్నీ మాత్రం అడిగినంత. నలభై రోజుల తర్వాత భారతి మొదటి ముద్ద పట్టపగలు, నలుగురిలో కూర్చుని తినింది. నేను తినలేకపోయాను. ముందురోజు 'మాట విను' అన్న పెద్దమనిషిని నేనే కదా.

గడి

రెండు గంటలయ్యాక రక్తమిచ్చి, సరోజమ్మకు జరిగింది చెప్పాం. ఆమె నమ్మలేదు.

"తిండి అంటే ఏమని ఎవరికి తెలీదమ్మా? ఇక్కడ పుట్టిన మగువుకి, పసిబిడ్డకి కూడా తెలుసు."

"ఈ పిల్ల ఇక్కడ పుట్టలేదు. మా ఊళ్ళో తిండి అంటే అన్నం. తిండి మానేయడమంటే చావడం."

"ఆంధ్రావాళ్ళకి రక్తంలోనే సుగర్ అమ్మా, అన్నం ఎక్కువ. అదే కదా నేను చెప్పింది."

ఇక నా గ్రంథాలయం ఆగలేదు. ఇంగ్లండు ఫారం సంగతి, గడి సంగతి మొత్తం చెప్పాను. "అక్కడ మీరు కడుపుతో పోయినా ఇదే గడి కొడతారమ్మా. భారతి, నేను, మీరు, అదిగో ఆ శాంతీబాయి, అందరం ఒకే గడి. అక్కడి నర్సమ్మకు మనలో ఎవరు హాసనో ఎవరు తాండానో తెలియదు. ఆ దేశం కూరగాయలతో ఒక పట్టిక ఇస్తుంది. మనకు అర్థం కాకపోతే, చెప్పిన మాట వినరు అని రాసుకుంటుంది."

సరోజమ్మ "నేనుకూడానా?" అంది. అన్నిటికంటే ఆ గడే ఆమెను నొప్పించినట్టుంది.

గొడవకు లోపలినుంచి డాక్టరమ్మ వచ్చింది. ఆమెది చింతామణి పక్క ఊరట, తెలుగు మాకంటే శుభ్రంగా మాట్లాడింది. ఇన్ని నెలలూ భారతితో మాట్లాడే పని పడలేదు. కార్డు చూసి, కార్డు మీద రాసి, కార్డును పంపించేది. ఇప్పుడు మొదటిసారి మొహం చూసి అడిగింది.

"ఏం తింటాండావు తల్లీ రోజూ?"

భారతి చెప్పింది. మజ్జిగ, జామకాయ, అంబలి. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సుగర్ ఉన్నా తినాల. మూడు పూటలా ఊట తినాల, కుప్పగా కాదు. అరముద్ద, పప్పు, కూర. నడుమ రెండుసార్లు తిండి కూడా తినాల, బజ్జీలు కాదు, శనగ గుగ్గిళ్ళు, పెసలు. అర్థమయిందా?"

అంటే భారతి తినకూడదనుకున్న ఊటా తినాలి, నర్సమ్మ వద్దన్న తిండీ తినాలి. అందరూ తప్పే చెప్పారు, అందులో పాటించినది ఒక్క భారతే.

సందు దొరికిందని నేను శాంతీబాయి నాలుగున్నర కిలోల బిడ్డ సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ సరోజమ్మ వైపు చూసింది. సరోజమ్మ గ్లూకోజు నీళ్ళు కలపడానికి లేచింది.

ఆమెను మంచి చేసుకుందామని క్యాను తెరిచి చలిమిడి పెట్టాను. నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "చెన్నాగిదె. ఏమిది?"

"కడుపుతో ఉన్న పిల్లకు పుట్టింటివాళ్ళు తెచ్చేది. బియ్యప్పిండి, బెల్లం పాకం."

కళ్ళు తెరిచింది. "ఇదే అమ్మా తిండి అంటే! ఇది నిల్లిసి!"

శిడ్లఘట్ట మీదుగా

చిక్కబళ్ళాపురంలో స్కానింగు చేసే డాక్టరు సెలవు. రేపే చింతామణిలో చేయించుకు రమ్మన్నారు. మూడో రోజు శిడ్లఘట్ట మీదుగా పోయాం. ఆ ఊరు పట్టుగూళ్ళ సంతకు పేరు. బస్సు ఆగితే చాలు, ఉడికిన పట్టుపురుగు వాసన లోపలికి ఎక్కుతుంది. భారతి కొంగుతో ముక్కు మూసుకుని ఇంకో చేత్తో గుగ్గిళ్ళు తింటూనే ఉంది.

సాదలి నుంచి గూళ్ళు అమ్మడానికి వచ్చిన ఒక పెద్దామె మా పక్కన కూర్చుంది. మా కథంతా విని క్యాను మీద తట్టింది. "పురుగుకి నాలుగు సార్లు జ్వరం వస్తాదమ్మా. జ్వరం అంటే రోగం గాదు, కుబుసం విడిచేది. అప్పుడు ఆకు ముట్టదు. జ్వరం లేస్తూనే మేము నిద్ర గూడా మానుకోని ఆకేస్తాము, ఒక్క పూట ఆలస్యమైతే గూడు పల్చనైపోతాది. పురుగుకే అంత జేస్తామే, ఈ పిల్ల తింటాండాదా లేదా అని అడిగే నాథుడు లేకపోయెనా?"

అడిగేవాళ్ళు లేక కాదు, నేనూ అడిగాను. అడిగి, విని, పుస్తకం విప్పాను. ఆమెకు చలిమిడి పెట్టాను. ఆమె ముందు సీటుకు అందించింది. చింతామణి చేరేసరికి క్యానులో అడుగున పిడికెడు మిగిలింది.

చింతామణి

అక్కడ టమాటా మండీ ముందు లారీలు దారికడ్డంగా నిలిచి, పది నిమిషాల నడక గంట పట్టింది. స్కానింగు గదిలోకి నన్ను రానివ్వలేదు. బయట బెంచీ మీద కూర్చుని గోడ మీది కన్నడ పోస్టర్లన్నీ చదివాను. ఈసారి ప్రతి మాటా నాకు తెలిసినట్టే ఉంది, ఒక్కదాన్నీ నమ్మలేదు.

భారతి బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. "బిడ్డ చిన్నదంట. గుండె, నీళ్ళు బాగున్నాయంట. రెండు వారాలు బాగా తిని రమ్మన్నారు. అప్పటికి పెరిగుంటే బెంగళూరు వద్దంట."

"పెరగకుంటే?"

నేను ఊరికి ఫోను చేసి, నేను కుడతానని ఒప్పుకున్న పెళ్ళి రవికలు ఇంకొకరి దగ్గర కుట్టించుకోమని చెప్పాను.

ఆ రెండు వారాల్లో యాత్ర ఏమీ లేదు. రత్నమ్మ కోత మానుకుంది. గంట గంటకూ ఎవరో ఒకరం ఏదో ఒకటి కొలిచి పెట్టేవాళ్ళం. ముద్దను దారంతో సగానికి కోసే విద్య రత్నమ్మ కనిపెట్టింది. తిన్నాక మాతోపాటు వీధి చివరిదాకా నడక. బాగేపల్లి ఊరంతా తెలుగే మాట్లాడుతుంది, బోర్డులన్నీ కన్నడమే మాట్లాడతాయి. పదో రోజుకు భారతి మెడ దగ్గర ఎముకలు కనబడడం మానేశాయి.

మళ్ళీ చిక్కబళ్ళాపురం

పదిహేడో రోజున కార్డు పట్టుకుని వెళ్ళాం. శాంతీబాయి మాకంటే ముందే వచ్చి ఉంది. "నాకూ ఉండాదంట అమ్మా సుగర్! రాళ్ళు మోసినా వస్తాదంట" అని, నా వైపు వంగి, "నేను గూడా మీ గడిలోకొచ్చినా" అంది. ఆమె చేతి సంచిలో గుగ్గిళ్ళ డబ్బా ఉంది.

స్కానింగు డాక్టరు సెలవు ముగించుకుని వచ్చాడు. బరువు, రక్తం, స్కాను అయ్యాక డాక్టరమ్మ కాగితం చూసి తల ఊపింది. "పెరిగినాది. బాగా పెరిగినాది. బెంగళూరు అక్కర్లేదు, ఇక్కడే కాన్పు చేసుకుందాం."

భారతి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను అడుగున మిగిలిన చలిమిడి తీశాను. పాకం చలిమిడి కాబట్టి చెడలేదు, గట్టిపడింది అంతే. డాక్టరమ్మ, "శాస్త్రానికి ఒక్క చిటికె" అంది. సరోజమ్మే ఆ చిటికె కొలిచి భారతి నాలుక మీద పెట్టింది.

అప్పుడు నేను కార్డు ముందుకు జరిపి, "ఈ వాక్యం కొట్టేయండి అమ్మా" అన్నాను. హేళిద మాతు కేళువుదిల్ల.

సరోజమ్మ నిజంగానే నొచ్చుకుంది. "రికార్డమ్మా. రాసింది కొట్టేయకూడదు. కింద రాస్తాను." పెన్ను తీసి, నాలుక కొన మీద అంటించి, ఆ వాక్యం కిందే గుండ్రటి అక్షరాలతో రాసింది: ఈగ మాతు కేళుత్తాళె.

బయటికొచ్చాక భారతి అడిగింది. "ఏం రాసినాది పెద్దమ్మా?"

"ఇప్పుడు మాట వింటున్నావంట."

ఆమె మెట్ల మీద ఆగి, కార్డు విప్పి, తనకు చదవడం రాని ఆ రెండు వాక్యాలనూ వేలితో తడిమింది.

"వినేది మానేసినాకనే గదా బిడ్డ పెరిగినాది?" అని కార్డు మడిచి సంచిలో పెట్టుకుని, రోడ్డుకు అవతలి హోటలు వైపు చూసింది. పన్నెండు దాటింది. ఊట అయ్యుంటుంది.